నిషి కసాయిలో మూడు వారాలు

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగరీత్యా టోక్యో నగరపు తూర్పు అంచున, నిషి కసాయి అనే పేటలో నివసిస్తున్నారు. గత ఏప్రిల్ మాసంలో మేము దంపతులము అక్కడ మూడు వారాలు గడిపి వచ్చాము. సాయంవేళ స్టేషను ముందు నిలబడితే జపనీయుల సంభాషణల నడుమ హిందీ, తమిళం, ఒక్కొక్కసారి మన తెలుగు కూడా చెవిన పడుతుంది. మా శ్రీమతి శ్రమపడి మోసుకువచ్చిన కందిపప్పు అక్కడి అంగళ్ళలోనూ ఉన్నది!

2000 సంవత్సరపు కంప్యూటరు తేదీల చిక్కును సరిచేయడానికి వచ్చిన మన ఇంజనీర్లతో ఇక్కడ భారతీయుల సంఖ్య పెరిగింది. తోజాయి మార్గపు రైలు నేరుగా ఒతెమాచిలోని కార్యాలయాలకు చేరుస్తుంది. యు.ఆర్. సంస్థ వారి ఫ్లాట్లకు పూచీదారు గాని, యజమానికి సమర్పించే తిరిగిరాని కానుక గాని అక్కరలేదు.

అయితే కట్టలు, కాలువల మధ్య ముప్పై ఏళ్ళు పనిచేసిన మా చూపు నేలమీదికి పోయింది. ఎడొగావా వార్డు భూమిలో సుమారు 70 శాతం సముద్రపు పోటు మట్టానికి దిగువన ఉన్నది. పెనువరద సూచనలుంటే ఇక్కడ ఉండకూడదని 2019లో వార్డు కార్యాలయమే పటం ముద్రించి ఇంటింటికీ పంచింది. అది అల్లుడి ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉన్నది.

"నాన్నగారూ, ఇక్కడే ఫ్లాటు కొనమంటారా?" అని అమ్మాయి అడిగింది. పునాదులు, పంపులు, పై అంతస్తుల సంగతి మేము చాలాసేపు వివరించాము. మా శ్రీమతి మాత్రం, "కొంటే ఇక రారన్నమాటేగా" అన్నది.

మర్నాడు అరకావా కరకట్ట మీద నడిచాము. వంతెనపై రైలు దాటిపోయే వరకు ఎవరమూ మాట్లాడలేదు.