హాలియా దారిలో కరెంటు కారు

నల్గొండలో బయల్దేరి సాగర్‌కు వెళ్తుంటే మధ్యలో తగులుతుంది హాలియా. హాలియా వాగు పేరే ఊరికీ వచ్చింది. అనుముల మండలంలోని ఈ ఊరు డ్యామ్ చూడబోయేవాళ్లలో చాలామందికి టీ తాగడానికి ఆగే చోటు మాత్రమే. కాస్త తీరిగ్గా చూస్తే మాత్రం ఇది మోటార్ల ఊరని తెలిసిపోతుంది. కాలువ నీళ్లు అందేచోట వరి, అందనిచోట బోర్లు. బోరున్న ప్రతిచోటా ఒక మోటారు, దాని పక్కనే ఓ స్టార్టరు డబ్బా. కాలిపోయిన మోటారుకు మళ్లీ రాగితీగ చుట్టి బతికించడం ఇటువైపు పల్లెల్లో కొత్త విద్యేమీ కాదు.

కరెంటు పుట్టిల్లు కూడా ఇక్కడికి దగ్గరే. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ డ్యామ్ దగ్గరి ప్రధాన విద్యుత్ కేంద్రం సామర్థ్యం సుమారు 816 మెగావాట్లు. ఇప్పుడు అదే దారిలో పచ్చ నంబరు ప్లేటు కార్లూ తిరుగుతున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించాక అలాంటి కారు కొనాలన్న ఆశ చిన్న ఊళ్లలోనూ మొదలైంది. ఆశ సరే... హైదరాబాద్‌లో కొన్న కారును ఇక్కడి ఇంటి ప్లగ్గుకు తగిలిస్తే ఏమవుతుంది? చిన్న మరమ్మతు వస్తే ఏది మనం చేసుకోవచ్చు, దేని జోలికి వెళ్లకూడదు?

మూడో పిన్ను కథ

అన్నిటికన్నా ముందు మాట్లాడుకోవాల్సింది ఎర్తింగ్ గురించే. కారుతోపాటు ఇచ్చే ఛార్జర్లు చాలావరకు ప్లగ్గు పెట్టగానే ఎర్తు ఉందో లేదో చూసుకుంటాయి. లేకపోతే ఎర్రలైటు వెలిగించి మొరాయిస్తాయి. అప్పుడు మొదలవుతుంది మన తెలివి! ప్లగ్గులో న్యూట్రల్‌నీ ఎర్తునీ చిన్న తీగముక్కతో కలిపేస్తారు. ఛార్జరు మోసపోతుంది, పచ్చలైటు వెలుగుతుంది, కారు ఛార్జి అవుతుంది. చేసినవాడికి పది మందిలో మంచి పేరు కూడా వస్తుంది.

ఇదెంత ప్రమాదమో చూడండి. గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగిందనుకోండి. లేదా ఎవరో బోర్డు బాగుచేస్తూ ఫేజునూ న్యూట్రల్‌నూ తారుమారు చేశారనుకోండి. ఆ తీగముక్క గుండా 230 వోల్టులు నేరుగా కారు బాడీకి వచ్చేస్తాయి. కారు నిలబడింది రబ్బరు టైర్ల మీద కాబట్టి ఆ కరెంటు సులువుగా నేలలోకి దిగదు. తడినేల మీద చెప్పుల్లేకుండా వచ్చి తలుపు ముట్టుకునే మనిషి కోసం కాచుకుని ఉంటుంది. ఆ మనిషి మన ఇంట్లో పిల్లాడే కావచ్చు. తడిచేత్తో స్టార్టరు డబ్బా ముట్టుకుని రైతు మరణించాడన్న వార్త వినని పల్లె ఇక్కడ అరుదు. ఆ డబ్బానే ఇంటి ముంగిట్లోకి తెచ్చి పెట్టుకున్నట్టవుతుంది.

ఎర్రలైటు వెలిగితే చేయాల్సిన పని ఒక్కటే, నిజమైన ఎర్తు వేయించుకోవడం. గుంత తవ్వి, పైపు దింపి, బొగ్గు, ఉప్పు పొరలుగా పోసే పద్ధతి పాతదే. కాకపోతే ఇటువైపు చాలాచోట్ల రాతినేల, పైగా మండే ఎండలు. నేల ఎండితే ఎర్తు బలహీనపడుతుంది. అందుకే వేసవిలో అప్పుడప్పుడూ ఆ గుంతలో బకెట్టు నీళ్లు పోయాలి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ టెస్టరు పెట్టించి కొలిపించుకోవాలి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి బిగించుకుంటే కరెంటు పక్కదారి పట్టగానే క్షణంలో సరఫరా ఆపేస్తుంది. దాని మీదుండే టెస్టు బటన్‌ను నెలకోసారి నొక్కి చూడండి. టక్కున పడిపోవాలి. పడలేదంటే అది ఉన్నా లేనట్టే.

ఇక ప్లగ్గు సంగతి. ఇస్త్రీపెట్టె పది నిమిషాలు పనిచేస్తుంది. కారు 15 ఆంపియర్ల ప్లగ్గు నుంచి దాదాపు మూడు కిలోవాట్లు రాత్రంతా లాగుతూనే ఉంటుంది. 30 యూనిట్ల బ్యాటరీ నిండాలంటే పది గంటలు పట్టొచ్చు. అందుకే మీటరు బోర్డు నుంచి దానికంటూ విడిగా మందపాటి రాగితీగ లాగించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు వద్దేవద్దు. ఛార్జింగ్ మొదలైన అరగంటకు ప్లగ్గు పైభాగాన్ని పొడిచేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి పెట్టలేనంత వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా ప్లగ్గు లాగకుండా ముందు మెయిన్ ఆపాలి. ఇంటి కనెక్షన్ లోడు తక్కువైతే డిస్కంలో దరఖాస్తు చేసి పెంచుకోవాలి. పొలం మోటారుకిచ్చే ఉచిత కరెంటుతో కారు నింపుకోవాలన్న ఆలోచన మాత్రం రానీయకండి. నేరమవుతుంది, పైగా ఆ లైన్లో ఓల్టేజీ హెచ్చుతగ్గులెక్కువ.

నారింజ తీగ జోలికి పోవద్దు

2001లో బెంగళూరులో రేవా కారు వచ్చినప్పుడు అందులో ఉన్నవి లెడ్ యాసిడ్ బ్యాటరీలు. వాటికి డిస్టిల్డ్ వాటర్ పోసుకుంటూ ఉండాల్సొచ్చేది. ఇప్పటి లిథియం బ్యాటరీ సీలు వేసిన పెట్టె. అందులో మనం పోసేదేమీ లేదు. బానెట్ కింద నారింజరంగు తొడుగున్న తీగలు కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. వాటిలో చాలా కార్లలో మూడు, నాలుగు వందల వోల్టుల డీసీ కరెంటు ఉంటుంది. బోరు మోటార్లు విప్పడంలో ఎంత చేయి తిరిగిన మెకానిక్ అయినా ప్రత్యేక శిక్షణ లేకుండా వాటిని ముట్టుకోకూడదు.

మనం చూసుకోగలిగినవి వేరే ఉన్నాయి. పెద్ద బ్యాటరీ నిండా ఛార్జింగ్ ఉన్నా పొద్దున్నే కారు కదలకపోతే మొదటి అనుమానం చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీదే పెట్టుకోవాలి. తాళాలకు, తెరకు, పెద్ద బ్యాటరీని కలిపే రిలేలకు ప్రాణం అదే. కారు ఆపేసి, మాన్యువల్‌లో చెప్పినట్టు దాని టెర్మినళ్ల మీది తెల్లపొడి తుడుచుకోవచ్చు. బ్యాటరీ బరువు వల్ల టైర్లు త్వరగా అరుగుతాయి కాబట్టి గాలి తరచూ చూసుకోవాలి. వేగం తగ్గించే పని సగం మోటారే చేసేయడంతో బ్రేకులు అరగవు గానీ వాడక తుప్పు పడతాయి. ఖాళీ రోడ్డు మీద అప్పుడప్పుడూ బ్రేకును గట్టిగా నొక్కడం మంచిది. కూలెంటు తగ్గితే కంపెనీ చెప్పిందే పోయాలి. బోరు నీళ్లు పొరపాటున కూడా పోయకండి. నల్గొండ నీళ్ల సంగతి మీకు చెప్పాలా? గిన్నెల అడుగున తెల్లగా పేరుకునే లవణాలు కూలెంటు గొట్టాల్లోనూ పేరుకుంటాయి.

వరికోతల కాలంలో ఇంకో బెడద, ఎలుకలు. ధాన్యం నిల్వ ఉన్నచోట కారు పెడితే రాత్రికి రాత్రే బానెట్‌లో చేరతాయి. వారానికోసారి బానెట్ ఎత్తి చూడండి. నారింజ తీగ కొరికి కనిపిస్తే టేపు చుట్టొద్దు. కారు స్టార్ట్ చేయకుండా సర్వీసింగ్ వాళ్లకు ఫోన్ చేయండి.

వానాకాలంలో వాగు రోడ్డెక్కితే ఏ కారైనా ఒడ్డునే ఆగాలి. ఒకవేళ నీళ్లలో మునిగిన కారైతే బయటికి లాగాక ఆన్ చేయకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు. బ్యాటరీ నుంచి బుసలాంటి చప్పుడు, తెల్లటి పొగ వస్తే సామాన్లు వదిలేసి అందరూ దిగి దూరంగా వెళ్లి 101కి ఫోన్ చేయాలి. ఇది ఎలక్ట్రిక్ కారని ఫోన్లోనే చెప్పాలి. ఎందుకంటే ఆ మంటకు నీళ్లు చాలా కావాలి. ఆరిందనుకున్నాక గంటల తర్వాతో, మర్నాడో మళ్లీ అంటుకోవచ్చు కూడా. అలాంటి కారును తెచ్చి ఇంటి గోడ పక్కనో, గడ్డివాము పక్కనో పెట్టొద్దు.