కారు బ్యాటరీకి మెయిన్ స్విచ్: ఏది కొనాలి, ఎవరి కోసం కొనాలి?

ఊళ్ళో అమ్మానాన్నల దగ్గర కారు పెట్టి, బెంగళూర్లోనో చెన్నైలోనో ఉద్యోగం చేసుకునేవాళ్ళు మనలో బోలెడంతమంది. "వాళ్ళ అవసరానికే కదా" అంటాం గానీ, ఆ కారు నెలలో ముప్పాతిక రోజులు కవర్ కిందే నిద్రపోతుంది. మా జువ్వలదిన్నెలో ఉన్నదీ అలాంటిదే, ఒక చిన్న పెట్రోల్ కారు. కళ్ళ ఆపరేషన్ తర్వాత నాయన డ్రైవింగ్ మానేశాడు. అవసరమైతే పక్కింటి తమ్ముడొచ్చి తోల్తాడు. అవసరమైనప్పుడు అది స్టార్ట్ అవ్వాలి, అంతే.

ఆగి ఉన్న కారు కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది. గడియారం, అలారం, సెంట్రల్ లాక్ రిసీవర్, ఇంజిన్ కంప్యూటర్ మెమరీ... మన భాషలో చెప్పాలంటే బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లు. అన్నీ కలిపి 30 మిల్లీ ఆంపులు అనుకుందాం, ఇది మామూలు అంకే. రోజుకి 0.72 ఆంపియర్-అవర్. బ్యాటరీ 35 ఆంపియర్-అవర్‌ది అయితే 24 రోజులకి సగం ఖాళీ. ఇక స్టార్టర్ తిరుగుతుందో లేదో దైవాధీనం. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. తర్వాత ఎంత ఛార్జ్ చేసినా పాత సత్తా రాదు.

"వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచితే సరిపోదా?" అంటారు. సరిపోదు. ఐడిల్‌లో ఆల్టర్నేటర్ ఇచ్చేది తక్కువ. అరగంట రోడ్డు మీద తిప్పితేనే ఫలితం. అది ఎప్పుడూ కుదరదు కాబట్టే స్విచ్.

మా ఊరికిది కొత్త సంగతేం కాదు. 2020లో ఫిషింగ్ హార్బర్‌కి శంకుస్థాపన చేశాక జువ్వలదిన్నె పేరు పేపర్లలో కనబడింది గానీ, ఇంజిన్ బోట్లు అంతకు ముందు నుంచీ ఉన్నవే. బోటు ఇంజిన్లు చూసే బాబాయి ఒకాయన్ని అడిగితే, "ఒడ్డుకొచ్చినాక మెయిన్ ఆపకుండా ఎవరన్నా ఇంటికి పోతారా అబ్బయా?" అన్నాడు. లారీలకూ ఈ స్విచ్ మామూలే. మన కార్లకే లేదు.

ఇక రకాలు. మొదటిది, టెర్మినల్ మీద కూర్చునే గుండ్రటి నాబ్. చవక. కానీ నాబ్ కాస్త వదులైతే కాంటాక్ట్ పోతుంది. రెండోది, కత్తిలాంటి బ్లేడు పైకి లేపి దించేది. మూడోది, బోట్లలో వాడే సీల్డ్ రోటరీ స్విచ్, కొన్నిటికి ఊడొచ్చే తాళం కూడా ఉంటుంది. నాలుగోది రిమోట్‌తో పనిచేసే రిలే.

డబ్బా మీద ఆంపులు చూసేప్పుడు రెండు అంకెలు చూడాలి: నిరంతరం ఎంత, కొన్ని సెకన్లపాటు ఎంత. చిన్న పెట్రోల్ కారు స్టార్టర్ 150 ఆంపులు లాగుతుందనుకోండి. స్విచ్‌లో 1 మిల్లీ ఓమ్ నిరోధం ఉంటే పోయేది 0.15 వోల్టులే. ఉప్పుగాలికి కాంటాక్ట్ పాడై 10 మిల్లీ ఓమ్‌లు అయితే 1.5 వోల్టులు పోతాయి, 225 వాట్ల వేడి పుడుతుంది. అందుకే సముద్రం పక్కన లోహం ముఖ్యం. ఇత్తడి అయితే పచ్చగా చిలుము పట్టినా గీకితే దారికొస్తుంది. పైన రాగిపూత, లోపల జింక్ మిశ్రమం ఉన్నవి బోల్టు బిగిస్తుంటేనే విరుగుతాయి.

ఇంకో తిరకాసు. మన చిన్న కార్లలో చాలావాటికి 38బి20ఎల్ లాంటి సన్న టెర్మినళ్ళ బ్యాటరీలు. నెగెటివ్ పోస్ట్ సుమారు 13 మిల్లీమీటర్లు. ఆన్‌లైన్‌లో దొరికే స్విచ్‌లు ఎక్కువగా 18 మిల్లీమీటర్ల లావు పోస్ట్‌కి చేసినవి. ఒక షాపాయన "అన్ని కార్లకీ సరిపోద్ది సార్" అని అలాంటిదే అంటగట్టబోయాడు. కొలిచి కొనండి.

ఇవన్నీ స్ప్రెడ్‌షీట్‌లో పెడితే రిమోట్‌దే గెలిచేలా ఉంది. కానీ వాడేది నేను కాదు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందే నెల్లూరు జిల్లాలో వానలు దంచాయి. అలాంటి రాత్రి కరెంటు లేనప్పుడు నాయన్ని కావలి ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే? రిమోట్‌లో సెల్ అయిపోయుంటే? ఊడొచ్చే తాళం ఏ డబ్బాలోనో పడుంటే? చీకట్లో టార్చ్ వేసి బానెట్ ఎత్తితే ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో కంటికి కనబడాలి. పానా అక్కర్లేకుండా చేత్తో దించెయ్యాలి. అందుకే ఇత్తడి బ్లేడు రకమే తీసుకున్నా, సన్న పోస్ట్‌కి సరిపోయేది.

బిగించేది నెగెటివ్ వైపే. పానా పొరపాటున బాడీకి తగిలినా నిప్పురవ్వలు రావు. ఇంజిన్ తిరుగుతుండగా మాత్రం ఎప్పుడూ ఆపకండి, ఆల్టర్నేటర్ వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి ఎలక్ట్రానిక్స్‌ని కాల్చేస్తుంది. తాళం తీశాక రెండు మూడు నిమిషాలు ఆగి ఆపండి. గడియారం, రేడియో సెట్టింగులు పోతాయి, అలారం పనిచెయ్యదు. రిమోట్ లాక్ కూడా పనిచెయ్యదు కాబట్టి తలుపు తాళంచెవితో తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోండి. స్టార్ట్-స్టాప్ ఉన్న కొత్త కార్లలో నెగెటివ్ టెర్మినల్ మీద సెన్సర్ ఉంటుంది, సర్వీస్ సెంటర్‌ని అడగకుండా చెయ్యి పెట్టొద్దు.

స్విచ్ ఉంది కదా అని ఆర్నెల్లు వదిలేస్తే లాభం లేదు. మన ఎండలకి బ్యాటరీ తనంతట తానే నీరసిస్తుంది. మా వాళ్ళకి పెట్టిన పద్ధతి: నెలకోసారి కావలి దాకా ఒక చక్కర్, కాంటాక్ట్‌లు తుడిచి పైన కాస్త వాజెలీన్. బానెట్ లోపల స్కెచ్ పెన్నుతో "కిందికి దించితే ఆన్" అని పెద్దక్షరాలతో రాసి అంటించాను. పక్కింటి తమ్ముడి చేతా, వాళ్ళ అమ్మ చేతా, నాయన చేతా తలా రెండుసార్లు దింపించాను. మనం టెస్టింగ్ అంటామే, అదే :)