త్రాడు కంటె ముందు ఒక ప్రశ్న

మానవుని బుద్ధి ఎంత బలమైనదో అంత సున్నితమైనది. ఈ సత్యమును మేము గ్రంథములలో గాక, బీర్పూర్‌లో మా పొరుగింటి అరుగుమీద నేర్చుకొన్నాము.

అది 2015వ సంవత్సరము. బీర్పూర్ అప్పటికింకా కరీంనగర్ జిల్లాలోనిదే. కల్తీ కల్లుపై ప్రభుత్వము దాడులు జరుపుచున్న రోజులవి. మా ఊరి దుకాణము కూడ మూతపడింది. పొరుగింటి కాక ఏండ్ల తరబడి ప్రతి సాయంత్రము అక్కడ కల్లు త్రాగేవాడు. మొదటి రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. రెండవ నాటికి చేతులు వణికాయి. మూడవ నాడు గోడపై చీమలు ప్రాకుచున్నవని గోళ్ళతో గీరసాగాడు. ఎన్నడో చనిపోయిన అన్నతో మాటలాడసాగాడు.

గాలి సోకిందన్నారు. మా ఇంటి పెద్దలు దర్గా నుండి తాయెత్తు తెచ్చారు. చిన్నమ్మ నరసింహస్వామికి మొక్కుకొన్నది. ఆ రెండింటిలోను ప్రేమయే ఉన్నది. మేము చేసిన పని వేరు. ఆయన వీధిలోకి పరుగెత్తగా, యువకులము నలుగురము పట్టి మంచపు కోళ్ళకు కట్టివేశాము, పిచ్చివాడని నవ్వుకొన్నాము. ఆ రాత్రి ఆయనకు ఫిట్స్ వచ్చాయి.

ఆసుపత్రిలో వైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న: "కల్లు మానేసి ఎన్ని రోజులైంది?"

"మూడొద్దులాయె సారూ," అన్నది చిన్నమ్మ.

చెట్టు నుండి దింపిన స్వచ్ఛమైన కల్లులో మత్తుమందులు ఉండవు. లాభాపేక్షతో నీళ్ళు, శాకరిన్ కలిపి, మత్తు కొరకు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలమ్ వంటివి చేర్చుతారు. ఇవి మెదడు ఉద్రేకమును అణచుతాయి. ఆ అణచివేతకు అలవాటుపడిన మెదడు, మందు హఠాత్తుగా ఆగినంతనే కళ్ళెము తెగిన గుఱ్ఱమవుతుంది. నిద్రలేమి, వణుకు, భ్రమలు, మూర్ఛలు అందుకే. ఆ సంవత్సరము నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు ఇట్టివారు వందలుగా వచ్చారు. అదే జాతి మందును వైద్యుడు కొలతగా ఇచ్చి, క్రమక్రమముగా తగ్గించుటయే చికిత్స.

కాక కోలుకొని ఇంటికి వచ్చాడు. జరిగినదేదియు ఆయనకు జ్ఞాపకము లేదు. ముంజేతులపై నల్లబడిన గుర్తులు చూపి, "ఇవేంటియి బిడ్డా?" అని మమ్ములను అడిగాడు. మేము తల వంచుకొన్నాము.

ఈ విషము తొలగిపోలేదు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురి ప్రాణములు తీసింది. సోదర విద్యార్థులారా! రేపు మీ వాడలో ఒకడు లేని చీమలను చూచినచో, త్రాడు వెదకకండి. ఆ వైద్యుని ప్రశ్నను అడగండి. వెంటనే ఆసుపత్రికి చేర్చండి. మాకు ఆ ప్రశ్న ఒక రాత్రి ఆలస్యముగా తెలిసింది.