సంగటి గెలికే చెయ్యి

మెదడులో నరం చిట్లి, తల తెరిచి ఆపరేషన్ చేయించుకుని బయటపడిన మనిషి గురించి ఎవరైనా ముందుగా అడిగేది ఒకటే. ఇంకా ఎన్నేళ్లు బతుకుతుంది? మా అమ్మ గురించి ఈ ప్రశ్న ఆసుపత్రిలో అన్న అడిగాడు, ఊళ్లో చుట్టాలు అడిగారు, రాత్రుళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని నేనూ అడిగాను. నేను పరిశోధన చేసింది సాహిత్యంలో. అయినా దొరికిన వైద్య వ్యాసమల్లా చదివాను. చదివినదాన్నీ, ఇంట్లో కళ్లారా చూసినదాన్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఆ ప్రశ్నలోనే ఏదో తక్కువైందనిపించింది. అదేమిటో మీతో పంచుకోవాలనే ఇది రాస్తున్నాను.

మాది కడప జిల్లా వేముల. పులివెందులకి పక్క మండలం. చీనీ తోటలు, అరటి తోటలు, ముగ్గురాయి గనులు, తుమ్మలపల్లె యురేనియం గని – ఇదీ మా ప్రపంచం. అమ్మ జబ్బుకి కారణం మాత్రం చాలా మామూలుది, రక్తపోటు. 2019 ఫిబ్రవరి నాటికి ఆమెకి 54 ఏళ్లు. చివరి కాన్పు తర్వాత ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టినవాళ్లు లేరు. మన దగ్గర ఆడదాని ఒంటి మీద వైద్యానికున్న శ్రద్ధ గర్భసంచితో మొదలై గర్భసంచితోనే ఆగిపోతుంది కదా! ఇక తలనొప్పి సంగతి చెప్పనే అక్కర్లేదు. అది ఆడవాళ్లకి ఉండేదేనని ఊరంతా తీర్మానించేసింది. "తల పలిగిపోతాంది పాపా" అని ఆ మధ్యాహ్నం అమ్మ చెప్పిన మాట అక్షరాలా నిజమని సాయంత్రం స్కాన్ తీస్తే గానీ తేలలేదు.

108లో పులివెందుల, అక్కణ్ణించి కడప, ఆ పైన ఇంకో పెద్ద ఆసుపత్రి. మెదడు ఎడమ భాగంలో, పైపొరకి దగ్గరగా రక్తం గడ్డకట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. వెంటనే ఆపరేషన్ చెయ్యాలన్నారు. సంతకానికి నేను ముందుకెళ్తే "మగవాళ్లెవరూ రాలేదా?" అన్నారు డాక్టరు. అన్న వచ్చేదాకా గంటసేపు ఆ కాగితం బల్ల మీదే ఉంది. డాక్టరేట్ ఉన్న కూతురి సంతకం తల్లి తల తెరవడానికి చాలలేదు.

ఇప్పుడు లెక్కలు చెప్తాను. ఇలాంటి రక్తస్రావం జరిగినవాళ్లలో నెల తిరక్కుండా చనిపోయేవాళ్లు నూటికి సుమారు 40 మంది. అనేక దేశాల అధ్యయనాలని కలిపి 2014లో వేసిన అంచనా ప్రకారం ఏడాది దాటి బతికేది 46 శాతం, అయిదేళ్లు దాటేది 29 శాతం. మొదటిసారి చదివినప్పుడు చేతులు చల్లబడ్డాయి. తర్వాత నిదానంగా చూస్తే అర్థమైంది. ఆ అధ్యయనాల్లో చాలామంది అమ్మకంటే బాగా పెద్దవాళ్లు. ఇంకొకటి కూడా ఉంది. "లాభం లేదు" అనుకుని మొదట్లోనే చికిత్స తగ్గించేస్తే, ఆ జోస్యం తనంతట తానే నిజమైపోతుందని 2001లోనే అమెరికా పరిశోధకులు ఎత్తి చూపారు. అందుకే అక్కడి 2022 మార్గదర్శకాలు, ప్రాణం నిలిపే ప్రయత్నాలు వద్దనే నిర్ణయాన్ని కనీసం రెండో రోజు పూర్తయ్యేదాకా వాయిదా వెయ్యమంటున్నాయి. మా ఇళ్లల్లో ఆ నిర్ణయాన్ని తొందరపెట్టేది ఒక్క వైద్యమే కాదు. అప్పు, పొలం, "ఆడమనిషికి ఇంత ఖర్చా" అనే గొణుగుడు కూడా. ఆ గొణుగుడు నా చెవిన పడింది.

మొదటి నెల గండం ఎంతని అంచనా వెయ్యడానికి 2001 నుంచి వైద్యులు ఒక స్కోరు వాడుతున్నారు. స్పృహ ఎంత ఉంది, రక్తం ఎంత పరిమాణం, మెదడు లోపలి గదుల్లోకి పాకిందా, ఎక్కడ మొదలైంది, వయసు 80 దాటిందా – ఈ అయిదే అంశాలు. ఆ పనికి అవి చాలు. నెల దాటాక మొదలయ్యే బతుకుని నిర్ణయించేది మాత్రం అందులో లేని ఆరో సంగతి. ఇంటికెళ్లాక ఎవరు చూస్తారు?

మా ఇంట్లో వదిన చూసింది. ప్రొద్దుటూరులో కుట్టు పనికి వెళ్లేది, మానేసింది. నేను తాత్కాలిక ఉద్యోగం వదిలి ఏడాది ఊళ్లో ఉన్నాను. అన్న, నాయన ప్రేమ లేనివాళ్లు కాదు. కానీ వాళ్ల పని ఆగాలన్న ఆలోచన ఎవరికీ, చివరికి వదినకి కూడా రాలేదు. అదే 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే లెక్కలు చూడండి. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. ఇంట్లోవాళ్ల సంరక్షణకి ఆడవాళ్లు 134, మగవాళ్లు 76. అమ్మని బతికించిన నిమిషాలు ఏ ఆసుపత్రి బిల్లులోనూ లేవు.

కోలుకోవడాన్ని కొలవడానికి కూడా వైద్యంలో ఒక కొలబద్ద ఉంది, రాంకిన్ స్కేలు. సున్నా అంటే ఏ ఇబ్బందీ లేదు, ఆరు అంటే మరణం. అమ్మ మూడు దగ్గరుంది. సాయం కావాలి, తనంతట తాను నడవగలదు. కానీ చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ వాడింది వేరే కొలబద్ద. "ఏమ్మా, మీయమ్మ సంగటి గెలుకుతాందా?" రాగి సంగటి గెలకాలంటే రెండు చేతుల్లో బలముండాలి. కుడి చెయ్యి లేవని అమ్మ వాళ్ల దృష్టిలో ఇంకా బాగవనట్టే. ఇదే జబ్బు నాయనకొస్తే అరుగు మీద కూర్చుని నాలుగు మాటలు మాట్లాడితే చాలు, బాగయ్యాడనేవాళ్లు. బాగవడమంటే మళ్లీ పనికి రావడమేనా?

మాట సంగతి వేరు. అఫేసియా అంటారు దాన్ని. బుద్ధి చెడదు. కానీ మాట నాలిక దాకా వచ్చి దారి తప్పుతుంది. నీళ్లు కావాలంటే "చీనీ" అనేది. మాటలే వృత్తిగా బతికే నాకు అంతకంటే పెద్ద పాఠం ఏ సిద్ధాంత గ్రంథంలోనూ దొరకలేదు. విడి మాట పలకలేని అమ్మ, గొబ్బిపాట మాత్రం గొంతు కలిపి పాడేది. పాట, లెక్క, తిట్టు – అలవాటుగా నోట్లో నానినవి ముందు తిరిగొస్తాయట.

థెరపిస్టు ఒకరోజు ఒక బొమ్మ చూపించారు. 1972లో వచ్చిన బోస్టన్ పరీక్షలోది, చాలా ప్రసిద్ధం. తల్లి గిన్నెలు తుడుస్తూ ఉంటుంది, సింకు నిండి నీళ్లు నేల మీద పడుతుంటాయి, వెనక పిల్లవాడు స్టూలెక్కి బిస్కెట్లు దొంగిలిస్తుంటాడు. పరీక్షలో కూడా ఆడది గిన్నెల దగ్గరే ఉందని నేను లోపల్లోపల ఉడుక్కుంటున్నాను. అమ్మ చాలాసేపు చూసి, ఎడమ చేత్తో బొమ్మ మీద కొట్టి, "నీళ్లు పోతాండాయి... కట్టెయ్" అంది. మూడు నెలల తర్వాత మొదటి పూర్తి వాక్యం! బోర్లు ఎండిన ఊరి ఆడమనిషి ఆ బొమ్మలో ఇంకేం చూస్తుంది?

అమెరికా మెదడు శాస్త్రవేత్త జిల్ బోల్ట్ టేలర్‌కి 1996 డిసెంబర్‌లో ఇలాగే రక్తస్రావమై, ఆపరేషన్ జరిగింది. పూర్తిగా కోలుకోవడానికి ఎనిమిదేళ్లు పట్టిందని 2008లో అచ్చయిన పుస్తకంలో రాసింది. పసిపిల్లకి నేర్పినట్టు మళ్లీ అన్నీ నేర్పింది ఆమె తల్లి. ఆరు నెలలు దాటితే ఇక అంతేనని నిరాశపడే కుటుంబాలకి ఇది తెలియాలి. వేగం మొదటి నెలల్లోనే ఎక్కువ, నిజమే. కానీ ఆ తర్వాత తలుపు మూసుకుపోదు. అమ్మ మూడో ఏడాది కొత్త మాటలు పలికింది.

2016 వికలాంగుల హక్కుల చట్టం అఫేసియాని కూడా వైకల్యంగా గుర్తించింది. అయినా మేం వెళ్లిన శిబిరంలో చెయ్యి, కాలు కొలిచారు, మాటని ఎవరూ కొలవలేదు. అమ్మకి వచ్చే పింఛను 2024 జూలై నుంచి నెలకి 6,000 అయింది. అది తన పేరు మీద వచ్చే మొదటి డబ్బు. వదిన చేతిలో పెట్టి, తనకో రెండొందలు ఉంచుకుంటుంది.

ఆ అయిదేళ్ల గీత అమ్మ ఎప్పుడో దాటేసింది. ఇక ముందు సంగతి చాలావరకు బీపీ మీదే ఆధారపడి ఉంది. ఒకసారి ఇలా జరిగినవాళ్లలో బీపీ తగ్గిస్తే మళ్లీ స్ట్రోక్ వచ్చే ప్రమాదం దాదాపు సగానికి తగ్గిందని 2001 నాటి ప్రోగ్రెస్ అధ్యయనం చెప్పింది. మాత్ర ఖరీదు తక్కువ. మానకుండా వేసుకోవడమే కష్టం.

నెలకోసారి ఊళ్లోని ఏఎన్ఎం దగ్గరికి అమ్మ కర్ర పట్టుకుని తనే నడిచిపోతుంది. వట్టిగా పోదు. దారిలో ఎవరు కనిపిస్తే వాళ్ల చెయ్యి పట్టుకుని, తన తల మీది ఆపరేషన్ మచ్చ చూపించి, "రా" అంటుంది. పోయిన నెల పక్కింటి అత్తని అలాగే లాక్కుపోయింది. చూస్తే 170. ఆమె ఇప్పుడు మాత్రలు వేసుకుంటోంది.