ఇటుకల పండగ గేటు

అరకు రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లలకి పండగలు రెండు రకాలు. వినాయకచవితి, దసరా, సంక్రాంతి లాంటివి క్యాలెండర్లో ఎర్ర అంకెలు చూసుకుని వచ్చేవి. పట్టాలు దాటితే ఉన్న ఊళ్ళో పండగలు ఏ క్యాలెండర్లోనూ ఉండేవి కావు. దిసారి మంచిరోజు చెప్పాలి, నాయుడు సరేననాలి, పొద్దుగూకాక బారికి వీధి వెంట కేకేసుకుంటూ పోవాలి. ఆ కేక మా ఇళ్ళదాకా వచ్చేది కాదు. బడిలో పక్కన కూర్చునేవాడు చెప్తేనే మాకు తెలిసేది. మర్నాడు బడి సగం ఖాళీ.

నాన్న కొత్తవలస–కిరండూల్ లైన్లో పనిచేసేవారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపానుకి పంపడం కోసం 1960ల్లో వేసిన లైను అది. రైలు వెంట మైదానం మనుషులొచ్చారు, వాళ్ళతోపాటే మేమూ. ఊళ్ళో బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియావాళ్ళు ఉండేవారు. చాలామంది ఇంట్లో ఆదివాసీ ఒరియా మాట్లాడుకుని మాతో తెలుగు మాట్లాడేవాళ్ళు. పండగరోజు మాత్రం ఎవరి పిల్లలన్నది పట్టించుకునేవారు కాదు. చేతులు ఖాళీగా ఉన్నాయా లేదా అన్నదే చూసేవారు. ఖాళీగా ఉంటే అడ్డాకులు కుట్టమనో, నీళ్ళు మొయ్యమనో పని అప్పజెప్పేవారు. కొండమీది పండక్కీ మైదానం పండక్కీ తేడా అదే అని నాకనిపిస్తుంది. విజయనగరంలో మా అమ్మమ్మ గారింటికి వెళ్తే సిరిమానోత్సవం చూడ్డానికి నాన్న భుజమెక్కి కూర్చునేవాణ్ణి. ఇక్కడ ఎవరి భుజాలూ ఖాళీగా ఉండేవి కావు.

పంట చేతికొచ్చినప్పుడల్లా ఒక పండగ: కొర్ర కొత్త, సామ కొత్త, కంది కొత్త, చిక్కుడు కొత్త. దేవతకి పెట్టి ఊరంతా ఒకేసారి తింటేగాని కొత్త పంట నోట పెట్టుకోరు. మాకు కష్టమైంది మామిడి కొత్త. చెట్టు కింద కాయ రాలి ఉంటుంది, చుట్టూ ఎవరూ ఉండరు, అయినా మా జతగాడు ముట్టుకునేవాడు కాదు. వాళ్ళ మామ్మని అడిగితే, “కొత్త అవనీరా గుంటడా, కాయెక్కడికీ పారిపోదు” అనేది. తొందరపడితే దేవత ఊరుకోదన్నది వాళ్ళ నమ్మకం. ఆ పేరుతో కాయ ముదిరేదాకా చెట్టుకే ఉండేదని నా లెక్క.

అన్నిటికన్నా పెద్దది ఇటుకల పండగ. చైత్రంలో, దుక్కులకి ముందు వచ్చేది. ఇంటింటి నుంచీ గుప్పెడేసి విత్తనాలు శంకుదేవుడి దగ్గరికి తెచ్చేవాళ్ళు. పూజారి వాటన్నిటినీ కలిపి, పూజ చేసి, మళ్ళీ ఇంటికింత పంచేవాడు. ఆ గింజల్ని ఇంట్లో దాచిన విత్తనంలో కలిపాకే ఆ విత్తనం నేల మీద పడేది. అలా ఒకరి చోళ్ళలో పదిమంది చోళ్ళు కలిసేవి. తరవాత మగవాళ్ళు విల్లంబులూ నాటు తుపాకులూ పట్టుకుని కొండెక్కేవాళ్ళు. వేట దొరకలేదా, అంతే. దిగొచ్చే దారిలో ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో కాచుకుని ఉండేవాళ్ళు. బావలూ మరుదులూ అయితే మరీ పండగ.

మగవాళ్ళు అడవిలో ఉన్నన్నాళ్ళూ ఊరు ఆడవాళ్ళదీ పిల్లలదీ. రోడ్డు మీద గేటు కట్టేవాళ్ళు. గేటంటే ఒక వెదురుబొంగు. రోడ్డుకి ఆ చివరొకరు, ఈ చివరొకరు పట్టుకోవాలి, బస్సు కనబడగానే పైకెత్తి అడ్డం పెట్టాలి. బొంగు పట్టుకునే పని మాది. మలుపు దగ్గర ఇంజను మోత మారేది. గేరు మార్చాడంటే ఇంకో నిమిషంలో వస్తాడని పెద్దగుంటలు చెప్పేవాళ్ళు. బస్సు ఆగగానే అప్పలు చుట్టుముట్టి పాట ఎత్తుకునేవాళ్ళు. రోజూ తిరిగే డ్రైవరు ముందే చిల్లర సిద్ధం చేసుకుని, కాసేపు బేరమాడినట్టు నటించి ఇచ్చేవాడు. జీపుల్లో వచ్చే ఆఫీసర్లు మాత్రం హారన్ కొట్టేవాళ్ళు. హారన్ కొట్టినవాడికి రేటు పెరిగేది. ఆ డబ్బుతో ఊరంతటికీ విందు.

రాత్రి ధింసా. మోరి ఊదేవాడు బుగ్గలు పొంగించి మొదలెట్టగానే డప్పు, తుడుము, కిరిడి అందుకునేవి. ఆడవాళ్ళు ఒకరి వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని వరసకట్టేవాళ్ళు. పిల్లలు తోక దగ్గర. వరస పాములా చుట్ట తిరిగేటప్పుడు తల దగ్గరున్న అప్ప ఉన్నచోటే అడుగేస్తుంది, చివరివాళ్ళు పరుగెత్తాలి. పట్టు వదిలితే పొలంలో పడతాం. పడేవాళ్ళం కూడా, దులుపుకుని మళ్ళీ తగులుకునేవాళ్ళం. ధింసాలో రకాలుండేవి: ఆకులేరడానికి పోతర్ తోల, పులినుంచి తప్పించుకోవడానికి బాగ ధింసా. పులి అంటే మగపిల్లలందరూ లేచేవాళ్ళు. బోడ ధింసా మాత్రం ఊరి దేవత కోసం. అందులో అల్లరి చేస్తే వీపు మీద ఒకటి పడేది.

  

ఇప్పుడు అరకు జనానికి బాగా తెలుసు. 2017లో రైలుకి అద్దాల పెట్టె తగిలించాక ఆదివారాలు సందు ఉండదు. రిసార్టుల్లో సాయంత్రం ధింసా, చుట్టూ కుర్చీలు. 2025 జనవరి ఆఖర్లో ప్రభుత్వం చలి ఉత్సవం పెట్టింది. పరుగు పందెం, పారాగ్లైడింగ్, పిల్లలకి బొమ్మల పోటీ. ఇవేవీ చెడ్డవని అనను. ధింసా ఆడి నాలుగు డబ్బులు ఇంటికి తీసుకెళ్ళే అప్పని “అది మీ దేవత ఆట కదా” అని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నన్ను ఇబ్బందిపెట్టేది ఆ కుర్చీలే. కుర్చీలో కూర్చున్న పిల్లాడికి తోక పట్టుకుని పరుగెత్తే అవకాశం ఎవరిస్తారు?

ఆ మధ్య చైత్రంలో పాడేరు రోడ్డు మీద మా కారుకి గేటు పడింది. బొంగు అదే, పట్టుకున్న గుంటలు మాత్రం వేరే. చిల్లర లేదన్నాను. ఒకమ్మాయి జాకెట్లోంచి ఫోను తీసి స్కాన్ చెయ్యమంది. చేశాను. వదల్లేదు. “దిగండి మావా, రెండడుగులెయ్యండి” అంది. నేను మోకాళ్ళ నొప్పులని చెప్తుండగానే మా ఆవిడా, మనవరాలూ దిగి వరసలో కలిసిపోయారు. వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొట్టింది. దానికి రేటు పెరిగింది.