ఠండీ సిగరెట్

ఇప్పటి కుర్రాళ్లు పాన్ డబ్బా దగ్గర "భాయ్, ఠండీవాలీ దో" అని అడుగుతున్నారు. మెంథాల్ సిగరెట్ అన్నమాట. కొన్నిటి ఫిల్టర్‌లో చిన్న గోలీ ఉంటుంది, వేళ్లతో నొక్కితే పగిలి పుదీనా చల్లదనం వస్తుంది. మా భాంజా కూడా అదే తాగుతున్నాడని ఈ రమజాన్‌లో తెలిసింది. అడిగితే, "హల్కా ఉంటది మామూ, గొంతు మండదు. జమాత్‌లో పక్కాయనకు వాసన కూడా రాదు" అన్నాడు. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిని మసీదుకు రావద్దన్న హదీసు వాడికి బాగా యాద్ ఉంది, మాషా అల్లాహ్!

గొంతు మండకపోవడమే అసలు ఖత్రా. పొగ లోపలికి పోగానే మంట, దగ్గు రావడం అల్లాహ్ మన ఒంట్లో పెట్టిన పహరా. మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే నరాలను లేపి ఆ మంటను తెలియనివ్వదు. చౌకీదారుకు షర్బత్ తాగించి నిద్రపుచ్చినట్టే. నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం ఎక్కడికీ పోవు. మొదటిసారి దగ్గు రాని పిల్లవాడు రెండోది కూడా వెలిగిస్తాడు. యూరోపియన్ యూనియన్ 2020 మేలో మెంథాల్ సిగరెట్లను బంద్ చేసింది. అమెరికా 2009లో పండ్ల రుచులు, మిఠాయి రుచులు ఆపేసి మెంథాల్‌ను మాత్రం వదిలేసింది. అక్కడ నల్లజాతి వాళ్లలో సిగరెట్ తాగేవాళ్లు ఎక్కువగా తాగేది అదే. ఆ జానాల ఫికర్ ఎవరికి?

మెంథాల్ ఒక్కటే కాదు. 1994లో అమెరికా కంపెనీలు తాము కలిపే వాటి జాబితా బయటపెడితే 599 పేర్లు తేలాయి. కోకో, వెనిల్లా, చక్కెర... చాలావరకు మనం తినేవే. కానీ తినడం వేరు, కాల్చి పీల్చడం వేరు. చక్కెర కాలితే అసిటాల్డిహైడ్, ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ పుడతాయి. సమోసాల కడాయిలో నూనె మాడినప్పుడు కళ్లు మండుతాయే, ఆ ఘాటులో ఉండేది అక్రోలినే. ఊపిరితిత్తుల్లోని చెత్తను బయటికి ఊడ్చే సన్నటి నూగును అది పాడు చేస్తుంది. ఫార్మాల్డిహైడ్ అయితే మయ్యత్ పాడవకుండా దవాఖానాల్లో వాడే ఫార్మలిన్‌లో ఉండేదే. అది క్యాన్సర్ తెస్తుందని సాబిత్ అయింది.

ఇదంతా చెబుతుంటే మా చాచా ఖుష్ అయ్యారు. "అందుకే నేను బీడీ తాగుతా. తునికాకు, తంబాకు, అంతే. మిలావట్ లేదు" అన్నారు. ఈ మాట మన ఇళ్లలో చాలామంది బుజుర్గుల నోట విన్నాను. ఏమీ కలపని తంబాకు కాలినా ఆ పొగలో వేల రసాయనాలు ఉంటాయి, వాటిలో క్యాన్సర్ తెచ్చేవే డెబ్బై దాకా. పైగా తునికాకులోంచి గాలి సరిగా ఆడదు, బీడీ ఊరికే ఆరిపోతుంది. అందుకే గట్టిగా, మాటిమాటికీ లాగాలి. అమెరికాలో ఒక కంపెనీ "ఏమీ కలపలేదు" అని డబ్బా మీద రాసుకుని అమ్మేది. జనం దాన్ని మంచిదనుకుంటున్నారని 2017లో అక్కడి సర్కారు ఆ మాట తీయించింది.

చాచా నా మాట సగం విని బయటికి వెళ్లిపోయారు. రోజా ఉన్నన్నాళ్లు సహరీ నుంచి ఇఫ్తార్ దాకా బీడీ ముట్టని మనిషే ఆయన. మానాలనుకునేవాళ్లకు ఉచితంగా సలహా ఇచ్చే సర్కారీ నంబర్ ఉంది: 1800-11-2356. కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి చాచీకి ఇచ్చాను. ఆమె దాన్ని ఆయన కళ్లద్దాల డబ్బాలో పెట్టింది.