పల్లె మీద గీసిన గీత

గత వారం ఒక హాస్టల్లో పిల్లలతో కూర్చుంటే డీలిమిటేషన్ మీద మాట వచ్చింది. దక్షిణాదికి ఎన్ని సీట్లు తగ్గుతాయి, ఉత్తరాదికి ఎన్ని పెరుగుతాయి, అందరి నోటా అంకెలే. కాదనను, పెద్ద ప్రశ్నే. కానీ నేను వాళ్లని ఇంకోటి అడిగాను. "మీ పల్లె ఎన్నో వార్డులో ఉంది?" సగం మందికి తెలీదు. ముగ్గురు మాత్రం "రెండు మూడు వార్డుల్లో ఉందన్నా" అన్నారు. ఒకే పల్లె అన్ని వార్డుల్లో ఎందుకుందో వాళ్లెప్పుడూ అడగలేదు. డిగ్రీ అయ్యేదాకా నేనూ అడగలేదు.

మా మాదిగపల్లె మూడు వీధులు. ఒకప్పుడు మొత్తం పల్లె కలిపి రెండు వార్డులు. ఓటర్లూ మావాళ్లే, మెంబర్లూ మావాళ్లే. ఉపసర్పంచ్‌ని ఎన్నుకునేది వార్డు మెంబర్లే కదా, ఆ రెండు చేతుల కోసం ఊరి పెద్దలు పల్లెలోకొచ్చి మా పెదనాన్న అరుగు మీద కూర్చునేవాళ్లు. టీ తాగేవాళ్లు కాదులెండి, కూర్చునేవాళ్లు. ఆ రెండు ఓట్ల పుణ్యాన బోరింగు వచ్చింది, శ్మశానానికి దారి వచ్చింది.

ఆ తర్వాత వార్డులు మళ్లీ విడగొట్టారు. మొదటి వీధిని ఊళ్లో బజారుతో కలిపి మూడో వార్డన్నారు. రెండో వీధిని చెరువుగట్టు ఇళ్లతో కలిపి ఆరో వార్డన్నారు. వెనక వీధి తొమ్మిదికి పోయింది. మూడు చోట్లా మేమే తక్కువ.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మా రిజర్వేషన్ పోలేదు. ఎస్సీలకి రెండు వార్డులు అలాగే ఉన్నాయి. నిలబడేది మేమే, గెలిపించేది మాత్రం వాళ్లు. ఆరో వార్డులో మా పెదనాన్న నిలబడితే, ఊరివాళ్లు తమ పాలేరుని నిలబెట్టారు. అతనూ మావాడే, వరసకి నాకు బావ. పదకొండు ఓట్లతో పెదనాన్న ఓడిపోయాడు. ఆ రాత్రి బావ మా ఇంటికొచ్చి తల దించుకుని కూర్చున్నాడు. "వద్దంటే పని తీసేస్తారు మావా" అన్నాడు. పెదనాన్న ఏమీ అనలేదు, అన్నం పెట్టించాడు.

నేను కోపంగా మండల ఆఫీసుకి వెళ్లాను. "డ్రాఫ్ట్ అంటించాం కదా బాబూ, అభ్యంతరాలుంటే చెప్పమన్నాం, ఎవరూ రాలేదు" అన్నారు. అబద్ధం కాదు. అంటించారు. పంచాయతీ ఆఫీసు గోడకి, రామాలయం పక్కన. మా వాళ్లెవరూ పనిలేకుండా ఆ వైపు నిలబడి గోడలు చదవరు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని టస్కీగీ గురించి చదివింది ఆ తర్వాతే. నల్లవాళ్లు ఓటర్లుగా నమోదవడం పెరుగుతోందని 1957లో అక్కడి శాసనసభ ఆ పట్టణం హద్దులు మార్చేసింది. చతురస్రంగా ఉన్న పట్టణం 28 పక్కల ఆకారమైంది. సుమారు 400 మంది నల్ల ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ రాత్రికి రాత్రి పట్టణం బయటికి పోయారు. ఒక్క తెల్ల ఓటరు కూడా పోలేదు. ఇళ్లు కదల్లేదు, గీత కదిలింది. చార్లెస్ గొమిలియన్ అనే సోషియాలజీ మాస్టారు ముందు నిలబడ్డాడు. జనం తెల్లవాళ్ల కొట్లలో సరుకులు కొనడం మానేశారు. ఫ్రెడ్ గ్రే అనే యువ లాయరు సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1960 నవంబరులో కోర్టు ఏకగ్రీవంగా వాళ్ల పక్షాన నిలిచింది. ఆ పట్టణం పాత హద్దులూ కొత్త హద్దులూ చూపే మ్యాపుని తీర్పు చివర జత చేశారు. ఆ మ్యాపు చూశాక ఎవరికీ పెద్దగా వాదన అవసరం లేదు.

వాళ్లని బయటికి నెట్టారు, మమ్మల్ని కలిపేసి పలుచన చేశారు. రెండో పని కంటికి కనపడదు. పైకి సమైక్యతలా ఉంటుంది.

మన దగ్గర కోర్టుకి వెళ్లొచ్చా? 1966లో మేఘరాజ్ కొఠారి కేసులో, డీలిమిటేషన్ కమిషన్ ఉత్తర్వు గెజిట్‌లో అచ్చయితే చట్టంతో సమానం, ప్రశ్నించడానికి లేదన్నారు. పంచాయతీ వార్డులకీ రాజ్యాంగంలో 243-ఓ అనే అలాంటి అడ్డుగోడే ఉంది. 2024లో సుప్రీంకోర్టు కొంచెం తలుపు తీసింది. ఉత్తర్వు పూర్తిగా నిరంకుశంగా, రాజ్యాంగ విలువలకి విరుద్ధంగా ఉంటే కోర్టులు చూడొచ్చంది. కానీ ఈ రెండు కేసులూ ఎవరేసినవో చూడండి. మొదటిది ఉజ్జయిని సీటు, రెండోది గుజరాత్‌లో బార్డోలి సీటు ఎస్సీలకి రిజర్వ్ చేశారని వేసినవి. సీటు మనకిస్తే కోర్టు మెట్లెక్కినవాళ్లున్నారు. మన పల్లెని మూడు ముక్కలు చేస్తే ఎక్కేదెవరు?

2009 ఎన్నికల నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ అసెంబ్లీ సీట్లు 39 నుంచి 48 అయ్యాయి. నేనూ సంబరపడ్డాను. ఇప్పుడు అదే సంఖ్యని 29, 19గా రెండు రాష్ట్రాలు పంచుకున్నాయి. ఆ సీట్లలో గెలవాలంటే మన ఓట్లొక్కటే చాలవు. ఎవరు నిలబడాలో కూడా ఎక్కువచోట్ల మనం తేల్చం. 1932లో పూనా ఒప్పందం దగ్గర బాబాసాహెబ్ ఎందుకు అంతగా పెనుగులాడాడో నాకు పుస్తకంలో కంటే ఆరో వార్డులో బాగా అర్థమైంది.

అందుకే హాస్టల్ పిల్లలకి ఒక పని చెప్పాను. సెలవులకి వెళ్లినప్పుడు ఓటరు జాబితా తీసుకుని, మీ పల్లెలో ఏ ఇల్లు ఏ వార్డులో ఉందో కాగితం మీద గీయండి. ఈసారి డ్రాఫ్ట్ గోడకెక్కే రోజున ఆ కాగితం మన చేతిలో ఉండాలి. గడువులోపు, రాతపూర్వకంగా ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. నేను ఆనాడు గడువు దాటాక వెళ్లాను, అదీ ఒట్టి చేతులతో.

మొన్న క్రిస్మస్‌కి ఊరెళ్లాను. మా అమ్మా, ఎదురింటి పిన్నీ గుమ్మాల్లో నిలబడి మాట్లాడుకుంటున్నారు. మధ్యలో సందు ఆరడుగులు కూడా ఉండదు.

"మీ వార్డుకి కుళాయిలు ఇచ్చారంటగా అక్కా" అంది పిన్ని.

"ఇచ్చారు. మీ వార్డుకి ఎప్పుడంటా?" అంది మా అమ్మ.